టెలికాం ఆదాయ వృద్ధిని అంచనా వేయడం ఎలా: అనంతపురం నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

వచ్చే ఆర్థిక సంవత్సరంలో ఆదాయం ఎంత పెరుగుతుందని అడిగితే, గత మూడేళ్ల వృద్ధి శాతాలను కూడి, మూడుతో భాగించి, వచ్చిన అంకెను కాగితం మీద పెట్టడం మన ప్రాంతంలో అలవాటుగా మారింది. కొన్నేళ్ల కిందట అనంతపురంలో ఇంటింటికీ ఫైబర్ ఇంటర్నెట్ ఇచ్చే ఒక చిన్న సంస్థకు నేనూ అలాగే పదిహేను శాతమని రాసి ఇచ్చాను. ఆ అంకెను నమ్మి యజమాని కేబుల్ కొన్నారు, అదనంగా ఇద్దరు లైన్‌మెన్లను పెట్టుకున్నారు, బ్యాంకులో అప్పు తెచ్చారు. వేసవి సెలవులు రాగానే కళాశాలల చుట్టూ ఉన్న అద్దె గదులు ఖాళీ అయ్యాయి, కనెక్షన్లు గుంపులుగా ఆగిపోయాయి, తిరిగి జూలైలో వచ్చిన విద్యార్థుల్లో చాలామంది వేరే సంస్థకు వెళ్లారు. వాయిదాలు కట్టడానికి ఆయన పడిన బాధను దగ్గర నుంచి చూశాక, ఈ పనిని నేను మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది.

అప్పుడు తెలిసినది ఇది: వృద్ధి శాతం అంచనాకు ఆరంభం కాదు, అన్ని లెక్కలూ అయ్యాక చివర తేలవలసిన ఫలితం. టెలికాం ఆదాయం ఎప్పుడూ మూడు ప్రశ్నలకు జవాబు: ఎంతమంది, ఎంతకు, ఎన్ని రోజులు. ఈ మూడింటినీ విడివిడిగా కట్టుకుంటూ వెళ్లే పద్ధతిని, కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లోని చిన్న ఇంటర్నెట్ సంస్థలకూ, మొబైల్ డిస్ట్రిబ్యూటర్లకూ, ఈ రంగాన్ని చదువుతున్న కామర్స్, ఎంబీఏ విద్యార్థులకూ ఉపయోగపడేలా ఇక్కడ వివరిస్తాను.

మొదటి మెట్టు: ఏది ఆదాయమో తేల్చుకోవడం

వినియోగదారుడు చెల్లించిన డబ్బంతా సంస్థ ఆదాయం కాదు. 299 రూపాయల రీచార్జిలో 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది కనుక, 299ని 1.18తో భాగిస్తే వచ్చే 253 రూపాయల 39 పైసలే అసలు ఆదాయం. ఫైబర్ ప్లాన్లను మాత్రం చాలా సంస్థలు పన్ను కాకుండానే ప్రకటిస్తాయి. ఒక ప్లాన్‌ను పన్నుతోనూ, మరొకదాన్ని పన్ను లేకుండానూ ఒకే పట్టికలో కలిపితే, అంచనా మొదటి వరుసలోనే తప్పుతుంది.

చేతికి వచ్చిన నగదు, ఆ కాలానికి చెందిన ఆదాయం కూడా ఒకటి కావు. 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఇండ్ ఏఎస్ 115 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం, ముందుగా వసూలు చేసిన డబ్బును సేవ అందించిన రోజులకు పంచి చూపాలి. ఫిబ్రవరి 1న ఒకరు 3,599 రూపాయల ఏడాది ప్యాక్ వేయించుకున్నారనుకుందాం. పన్ను తీసేస్తే 3,050 రూపాయలు. మార్చి 31 నాటికి గడిచినవి 59 రోజులే కనుక, ఆ ఆర్థిక సంవత్సరానికి చేరేది దాదాపు 493 రూపాయలు, మిగిలిన 2,557 రూపాయలు వచ్చే ఏడాదివి. ఈ ప్రమాణం వర్తించని చిన్న సంస్థలు కూడా అంచనా కోసం ఇలా పంచుకోవడమే మేలు. మార్చిలో ఆఫర్ పెట్టి ఏడాది ప్యాకులు ఎక్కువగా అమ్మిన సంస్థకు నగదు పొంగినట్లు కనిపిస్తుంది కానీ, అది వచ్చే పదకొండు నెలల ఆదాయాన్ని ముందే చేతిలోకి తీసుకోవడం మాత్రమే.

భారత టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రచురించే నివేదికల్లో స్థూల ఆదాయం, కొన్ని మినహాయింపులు పోగా మిగిలే సవరించిన స్థూల ఆదాయం అని వేర్వేరు లెక్కలుంటాయి. రెండవదాని మీదే లైసెన్సు ఫీజు లెక్కిస్తారు. పోలికకు ఏదో ఒకదాన్ని ఎంచుకుని చివరి వరకు దానితోనే నడవాలి.

రెండవ మెట్టు: సిమ్‌లను కాక, వాడేవారిని లెక్కించడం

ట్రాయ్ ప్రతి నెలా కంపెనీల వారీగా, సర్కిళ్ల (టెలికాం సేవా ప్రాంతాల) వారీగా చందాదారుల సంఖ్యను ప్రకటిస్తుంది. దేశంలో 22 సర్కిళ్లున్నాయి. రాష్ట్ర విభజన జరిగినా ఆంధ్రప్రదేశ్ సర్కిల్ అంటే నేటికీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిసినదే. అందువల్ల ఆ అంకెలో హైదరాబాద్ బరువు చాలా ఉంటుంది. సర్కిల్ పెరిగిన శాతాన్ని తీసుకొచ్చి ఆలూరుకో, పులివెందులకో అంటగట్టడం సరికాదు. సర్కిల్ అంకె గాలివాటం ఎటు ఉందో చెబుతుంది, మన చేనులో దిగుబడిని చెప్పదు.

అదే నివేదికలో వీఎల్‌ఆర్ పేరుతో మరో అంకె ఉంటుంది. నెట్‌వర్క్‌లో నిజంగా చురుకుగా ఉన్న నంబర్లను అది చూపుతుంది. మొత్తం చందాదారుల కంటే ఇది సాధారణంగా తక్కువే. తొంభై రోజుల పాటు వాడకం లేకపోతే గానీ ప్రీపెయిడ్ నంబరును రద్దు చేయకూడదన్న నిబంధన ఉంది కనుక, వినియోగదారుడు మనసులో ఎప్పుడో వదిలేసిన సిమ్ కూడా నెలల తరబడి లెక్కలో నిలబడుతుంది. అంచనాకు ఎప్పుడూ చురుకైన సంఖ్యనే పునాదిగా తీసుకోండి. యంత్రాలకు, వాహనాలకు, కరెంటు మీటర్లకు అమర్చే ఎం2ఎం సిమ్‌లను కూడా విడదీయాలి. వాటి నుంచి వచ్చే ఆదాయం మనిషి వాడే సిమ్‌తో పోలిస్తే చాలా చిన్నది.

జిల్లా స్థాయిలో పాత లెక్కలు వాడేవారికి ఒక జాగ్రత్త. 2011 జనాభా లెక్కల్లో అనంతపురం జిల్లా జనాభా దాదాపు 40.8 లక్షలు, కర్నూలు 40.5 లక్షలు, కడప 28.8 లక్షలు. అయితే 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడి, నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య జిల్లాలు వేరయ్యాయి. 2021 అంకెల పక్కన 2023 అంకెలు పెట్టి "అనంతపురం పడిపోయింది" అని రాసిన కాగితాలను నేను చూశాను. జిల్లా పేరుతో కాక మండలాల వారీగా లెక్క కట్టుకుంటే ఈ చిక్కు రాదు.

ఫైబర్ సంస్థలైతే మనుషులను కాదు, ఇళ్లను లెక్కించాలి. ఒక ఇంటికి ఒక కనెక్షనే. కేబుల్ వెళ్లిన వీధుల్లో ఎన్ని ఇళ్లున్నాయో, వాటిలో ఎన్నిటికి ఇప్పటికే ఏదో ఒక కనెక్షన్ ఉందో నడిచి చూసి రాసుకోవడానికి మించిన సర్వే లేదు.

మూడవ మెట్టు: చేరేవారు, వదిలేవారు

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. ఉదాహరణకు గుంతకల్లులో ఒక ఫైబర్ సంస్థ ఉందని ఊహించుకుందాం. ఏప్రిల్ 1న దానికి 6,000 కనెక్షన్లు. నెలకు 180 కొత్తగా చేరుతాయి. ఉన్నవాటిలో నెలకు 2 శాతం ఆగిపోతాయి. మొదటి నెలలో 120 పోయి 180 వస్తాయి కనుక నికరంగా 60 పెరుగుతాయి. సంస్థ పెద్దదయ్యేకొద్దీ ఆ 2 శాతమూ పెద్దదవుతుంది కనుక, రెండవ నెల నుంచే నికర పెరుగుదల తగ్గుతూ వస్తుంది. ఇలా పన్నెండు నెలలు వేసుకుంటూ వెళితే మార్చి చివరికి 6,646 కనెక్షన్లు తేలుతాయి. ఏడాది మొత్తానికి సగటు 6,336.

ఇక్కడ ఒక చిన్న భాగాహారం చాలా విషయం చెబుతుంది. నెలకు చేరేవారిని, వదిలేవారి శాతంతో భాగించండి: 180ని 0.02తో భాగిస్తే 9,000. అంటే ఈ వేగంతో చేరుతూ, ఈ వేగంతో వదులుతూ ఉంటే, ఎన్నేళ్లు గడిచినా ఈ సంస్థ 9,000 దాటదు. వదిలేవారు 3 శాతమైతే ఆ పరిమితి సరిగ్గా 6,000. నెలనెలా 180 మందిని చేర్చుకుంటూ ఎంత కష్టపడినా సంస్థ ఉన్నచోటే ఉంటుంది. అదే 1.5 శాతానికి తగ్గితే పరిమితి 12,000కు లేస్తుంది. మార్కెటింగ్ మనిషిని పెట్టుకోవాలా, తెగిన కేబుల్‌ను అదే రోజు అతికించే లైన్‌మన్‌ను పెట్టుకోవాలా అని నన్నడిగిన ప్రతి యజమానికీ నేను ఈ భాగాహారమే చూపిస్తాను.

ఇప్పుడు ఆదాయానికి వద్దాం. పన్ను, రాయితీలు పోగా నెలకు ఒక్కో కనెక్షన్ మీద 430 రూపాయలు వస్తున్నాయనుకుందాం. 6,336ను 430తో, దాన్ని పన్నెండుతో గుణిస్తే సుమారు 3 కోట్ల 27 లక్షలు. కిందటి ఏడాది సగటు 5,700 కనెక్షన్లు, ఒక్కోదాని మీద 425 రూపాయలు, మొత్తం 2 కోట్ల 91 లక్షలు. వృద్ధి 12.5 శాతం. దీన్ని విడదీస్తే కనెక్షన్ల వల్ల 11.2 శాతం, ధర వల్ల 1.2 శాతం.

వదిలేవారు 3 శాతమైతే? కనెక్షన్లు ఏడాదంతా 6,000 దగ్గరే నిలిచినా, ఆదాయం 3 కోట్ల 10 లక్షలై, 6.5 శాతం వృద్ధి కనిపిస్తుంది. ఒక్క కనెక్షన్ కూడా పెరగలేదు కదా, ఈ వృద్ధి ఎక్కడిది? ధర వల్ల వచ్చిన కొంచెం పోగా మిగిలినదంతా కిందటి ఏడాదిది. అప్పటి సగటు 5,700 అయినా సంవత్సరం ముగిసేనాటికి 6,000కు చేరుకున్నారు. ఆ పెరుగుదల పూర్తి ఫలం ఈ ఏడాది పుస్తకాల్లో పడుతోంది. ఆ మరుసటి ఏడాది అది ఉండదు. బ్యాంకులు, పెట్టుబడిదారులు మోసపోయేది ఇక్కడే. అంచనా రాసే ప్రతిసారీ, వృద్ధిలో ఎంత భాగం కిందటేడు నుంచి నడిచి వచ్చినదో, ఎంత ఈ ఏడాది సంపాదించబోయేదో వేర్వేరు వరుసల్లో చూపండి.

నాల్గవ మెట్టు: ధర, రోజులు

మొబైల్ సేవల్లో ఒక్కో వినియోగదారుడిపై నెలకు వచ్చే సగటు ఆదాయాన్ని పత్రికల్లో ఏఆర్‌పీయూ అని రాస్తుంటారు. దీన్ని ప్యాక్ ధర నుంచి నేరుగా తీసుకోకూడదు. ప్యాక్ గడువు 28 రోజులు కనుక ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జిలు పడతాయి. 299 రూపాయల ప్యాక్‌ను ఒక్క రోజు కూడా తప్పకుండా వేయించుకునే వ్యక్తి నుంచి నెలకు దాదాపు 275 రూపాయల ఆదాయం వస్తుంది.

అయితే మన పల్లెల్లో గడువు ముగిసిన రోజే రీచార్జి చేయించుకునేవారు అందరూ కారు. కూలి డబ్బులు చేతికి వచ్చేదాకా, వారపు సంతకు వెళ్లేదాకా నాలుగు రోజులు ఆగితే, 28 రోజుల చక్రం 32 రోజులవుతుంది. అప్పుడు అదే వ్యక్తి నుంచి నెలకు వచ్చేది 241 రూపాయలే. నాలుగు రోజుల ఖాళీ ఎనిమిదో వంతు ఆదాయాన్ని తీసుకుపోయింది. చందాదారుల సంఖ్య మారలేదు, ధర మారలేదు, అయినా ఆదాయం 12.5 శాతం తగ్గింది. ఈ ఖాళీ రోజులు ఏ నివేదికలోనూ కనిపించవు. డిస్ట్రిబ్యూటర్లు తమ దగ్గర ఉన్న రీచార్జి తేదీలను వరుసగా పెట్టి, ఒక రీచార్జికీ మరో రీచార్జికీ మధ్య సగటున ఎన్ని రోజులు గడుస్తున్నాయో నెలనెలా చూసుకుంటే, కరువు ప్రభావాన్ని అందరికంటే ముందే పసిగట్టగలుగుతారు.

ఐదవ మెట్టు: టారిఫ్ పెంపు ఎప్పటికి చేతికి వస్తుంది

2024 జూలై మొదటి వారంలో ప్రైవేటు కంపెనీలు మూడూ ధరలు పెంచాయి. ఆ తర్వాత ఏం జరిగిందో చూస్తే, పెంపు ఎలా నిదానంగా పారుతుందో అర్థమవుతుంది. జియోకు ఒక్కో వినియోగదారుడిపై నెలకు వచ్చే సగటు ఆదాయం 2024 ఏప్రిల్–జూన్ త్రైమాసికంలో 181.7 రూపాయలు. తర్వాతి మూడు త్రైమాసికాల్లో వరుసగా 195.1, 203.3, 206.2. ఎయిర్‌టెల్‌లో 211 నుంచి 233కు, తర్వాత 245కు చేరి, 2025 జనవరి–మార్చిలోనూ 245 దగ్గరే నిలిచింది. పెంపుకు ముందే మూడు నెలల, ఏడాది ప్యాకులు వేయించుకున్నవారు ఆ గడువు ముగిసేదాకా పాత ధరలోనే ఉంటారు కాబట్టి, పెంపు ఫలితంలో సగానికి కాస్త పైన మొదటి త్రైమాసికంలోనూ, మిగతాది తర్వాతి రెండు, మూడు త్రైమాసికాల్లోనూ వస్తుందని అనుకోవచ్చు. జియో సగటులో ఇంటి ఇంటర్నెట్ వాటా పెరగడం కూడా కొంత కలిసి ఉందన్నది గుర్తుంచుకోవాలి.

ధర పెరిగితే మనుషులు కదలకుండా ఉండరు. అదే జూలై–సెప్టెంబరులో జియో చందాదారులు 48.97 కోట్ల నుంచి 47.88 కోట్లకు తగ్గారు. 2025 మార్చి నాటికి 48.82 కోట్లకు తిరిగి చేరారు. ఇంట్లో ఉన్న రెండవ సిమ్‌ను పక్కన పెట్టడం, తక్కువ ధర ఉన్న బీఎస్ఎన్ఎల్‌కు మారడం ఇందులో భాగమే. అందువల్ల అంచనా పట్టికలో ధర పెంచే గడిలో అంకె మార్చిన ప్రతిసారీ, వదిలేవారి గడిలోనూ రెండు త్రైమాసికాల పాటు అంకె పెంచాలి. ఈ రెండు గడులనూ ముడివేయకుండా వేసిన అంచనా ఎప్పుడూ ఎక్కువే చూపుతుంది.

ఆరవ మెట్టు: పాత అంకెల్లో తెగిన చోట్లు

గతాన్ని గీతగా గీసి ముందుకు పొడిగించే ముందు, ఆ గీత ఎక్కడెక్కడ తెగిందో చూడాలి. 2016 సెప్టెంబరు 5న జియో రాకతో ధరల లోకమే మారిపోయింది కనుక, అంతకు ముందరి ధరల ధోరణి ఇప్పటి అంచనాకు పనికిరాదు. 2021 జనవరి 1 నుంచి కంపెనీల మధ్య కాల్స్‌కు చెల్లించుకునే నిమిషానికి 6 పైసల ఇంటర్‌కనెక్ట్ ఛార్జీ రద్దయింది. దాంతో ఎయిర్‌టెల్ సగటు ఆదాయం ఒక్క త్రైమాసికంలో 166 నుంచి 145కు దిగినట్లు పుస్తకాల్లో కనిపిస్తుంది. అది వ్యాపారం పడిపోవడం కాదు, లెక్క కట్టే తీరు మారడం. 2022 అక్టోబరు 1న 5జీ మొదలైంది, 2023లో గాలి ద్వారా ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చే ఎయిర్‌ఫైబర్ సేవలు వచ్చాయి. మన ఫైబర్ సంస్థలకు ఇది 2023 తర్వాతి అంకెలను పాత అంకెల నుంచి విడదీయవలసినంత పెద్ద మార్పు.

తెగిన చోటు దాటాక మిగిలిన నెలలు తక్కువగా ఉన్నా సరే, వాటినే వాడండి. హోల్ట్–వింటర్స్ వంటి, గత ధోరణినీ నెలల హెచ్చుతగ్గులనూ ముందుకు పొడిగించే గణాంక పద్ధతులు స్ప్రెడ్‌షీట్లలోనే దొరుకుతాయి. కానీ కనీసం రెండు, మూడేళ్ల నెలవారీ అంకెలు ఒకే స్థితికి చెందినవై ఉంటేనే అవి పనిచేస్తాయి.

ఏడవ మెట్టు: మన ప్రాంతపు పంచాంగం

కర్నూలు పడమటి మండలాలైన కోసిగి, మంత్రాలయం, ఆదోని ప్రాంతాల నుంచి కుటుంబాలు సుగ్గికి (కోత పనుల వలసకు) బయలుదేరి గుంటూరు మిరప చేలకు వెళ్తాయి. ఇంటికి తాళం పడుతుంది. మొబైల్ కంపెనీకి ఇందులో నష్టం లేదు, ఎందుకంటే ఆ నంబరు అదే సర్కిల్‌లో, మరో ఊళ్లో రీచార్జి అవుతుంది. నష్టమంతా కోసిగిలోని డిస్ట్రిబ్యూటర్‌కే. ఒకే సంఘటన ఎవరి పుస్తకంలో ఎలా పడుతుందో వేరుగా ఆలోచించాలనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. యాప్‌లలో జరిగే రీచార్జి కూడా ఇలాంటిదే: కంపెనీ ఆదాయం చెక్కుచెదరదు, దుకాణం అమ్మకం తగ్గుతుంది.

అనంతపురంలో వేరుశనగ విత్తే జూన్, జూలై నెలల్లో వాన తప్పితే ఖాళీ రోజులు పెరుగుతాయి. అద్దె గదులున్న వీధుల్లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆగిపోయే కనెక్షన్లను మిగతా ఊరితో కలపకుండా ప్రత్యేక వరుసలో వేయాలి. నేను ఆ రోజు చేయనిది ఇదే. ఇక కడప వైపు కువైట్ వలస ఎక్కువ. అక్కడికి వెళ్లిన మనిషి ఇక్కడి నంబరును తక్కువ ధర ప్యాక్‌తో నిలబెట్టుకుంటాడు. ఇంట్లో ఉన్నవారు మాత్రం రోజూ వీడియోలో మాట్లాడటానికి పెద్ద డేటా ప్యాక్‌కో, ఫైబర్‌కో మారతారు. అంతర్జాతీయ కాల్స్ ఆదాయం రాకపోయినా, ఇంటి ఇంటర్నెట్ ఆదాయం వస్తుంది. అలాంటి ఊళ్లలో వదిలేవారి శాతం తక్కువగా ఉండే అవకాశముంది కనుక, దాన్ని విడిగా కొలిచి చూడండి.

ఎనిమిదవ మెట్టు: ఒక అంకె కాదు, ఒక పరిధి

మన గుంతకల్లు ఉదాహరణలో వదిలేవారు 1.5 శాతమైతే వృద్ధి 15.6 శాతం, 2 శాతమైతే 12.5, 3 శాతమైతే 6.5. బ్యాంకుకు ఈ మూడూ చూపించి, ఏది ఎప్పుడు నిజమవుతుందో రాయాలి. "ఎయిర్‌ఫైబర్ టవర్ మన వార్డులో వెలిస్తే మూడవది" అన్నట్లుగా, కంటికి కనిపించే ఒక గుర్తును ప్రతి అంకెకూ జతచేయాలి. అప్పు వాయిదాలను మాత్రం కింది అంకెకు తట్టుకునేలా పెట్టుకోవాలి.

ఆ తర్వాత అంచనాను పరీక్షించండి. కిందటి ఏడాది అంకెలను దాచిపెట్టి, అంతకు ముందరి వాటితో మాత్రమే కిందటి ఏడాదిని అంచనా వేసి, నిజంగా వచ్చినదానితో పోల్చండి. "కిందటేడు ఇదే నెలలో ఎంత వచ్చిందో ఇప్పుడూ అంతే" అనే అతి సాదా అంచనా కంటే మీ లెక్క దగ్గరగా రాకపోతే, ఏ గడి తప్పిందో వెతికి సరిచేసే వరకు ఆ కాగితాన్ని ఎవరికీ ఇవ్వవద్దు.

అంచనా ఇచ్చాక ప్రతి నెల 5వ తేదీలోపు నాలుగు అంకెలు ఒక నోటు పుస్తకంలో రాయండి: చేరినవారు, వదిలినవారు, ఒక్కో కనెక్షన్‌పై వచ్చినది, రీచార్జిల మధ్య రోజులు. ఒక్కోదాని పక్కన అంచనాలో ఏం రాశారో కూడా వేయండి. వరుసగా రెండు నెలలు ఏ అంకె అయినా ఒకే వైపుకు తప్పితే, మూడవ నెల కోసం ఎదురుచూడకుండా మిగిలిన ఏడాదికి లెక్క మళ్లీ కట్టి, అప్పు ఇచ్చినవారికీ, మీ దగ్గర పనిచేసేవారికీ ఆ వారంలోనే కొత్త అంకె చెప్పండి.